పద్మిని లైట్ స్విచ్ మొరాయిస్తే

ప్రశ్న: మా పాత ప్రీమియర్ పద్మినిలో పెన్నాగరం నుంచి హొగేనక్కల్ ఘాట్ దిగేటప్పుడు డిమ్ వేస్తే రెండు హెడ్‌లైట్లూ ఆరిపోతున్నాయి. స్టీరింగ్ కింది లివర్ కదిపితే వస్తున్నాయి. బల్బులు మార్చాలా?

జవాబు: బల్బుల జోలికి వెళ్లకండి. రెండూ ఒకేసారి ఆరి, లివర్ కదపగానే వెలుగుతున్నాయంటే లోపం ఎక్కువగా స్విచ్ కాంటాక్టుల్లోనో, దాని తీగల జాయింట్‌లోనో ఉంటుంది. ఎర్త్ లూజయిందేమో అనొచ్చు గానీ, అదే అయితే లివర్ కదిపినంత మాత్రాన సర్దుకోదు. డిమ్ వేసి ఉంచి, స్విచ్‌లోకి వచ్చే తీగకూ బయటికి పోయే తీగకూ మధ్య వోల్ట్‌మీటర్ పెట్టి చూడండి. అర వోల్టు దాటితే కాంటాక్టులు నల్లబడ్డట్టే. పక్కన ప్లాస్టిక్ కూడా గోధుమరంగుకు తిరిగి ఉంటుంది. 55 వాట్ల హాలోజన్ బల్బులు వేయించి ఉంటే, రిలే లేనప్పుడు సుమారు 9 ఆంపియర్లు ఆ చిన్న కాంటాక్టుల మీదుగానే పోతాయి. అందుకే శుభ్రం చేయడంతో సరిపెట్టకుండా ఫ్యూజుతో సహా రిలే పెట్టించండి. బండి అసలు రూపం చెడుతుందన్న బెంగ వద్దు, అది బానెట్ కింద ఉంటుంది, కావాలంటే తీసేయొచ్చు. ఈ పని అయ్యేదాకా రాత్రిపూట ఆ ఘాట్ దిగకండి.