పాఠం 11: గుండె జబ్బు ఉన్నవారికి విదేశీ ప్రయాణ బీమా

ఇంతకుముందు పాఠంలో ఆరోగ్య బీమా అంటే ఏమిటో, ప్రీమియం ఎందుకు కడతామో తెలుసుకున్నారు. ఈ పాఠంలో ప్రయాణ బీమా గురించి చదువుతారు. ఇది చదివాక మీరు ఒక పాలసీని చేతిలోకి తీసుకొని, పాత జబ్బుకు అది ఎంతవరకు పనికివస్తుందో చెప్పగలుగుతారు. రెండు పాలసీలను పోల్చి ఏది నిజంగా చవకో లెక్క వేయగలుగుతారు.

11.1 ఒక ఉదాహరణ

గుంటూరులో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడిని ఊహించుకోండి. ఆయన వయసు 64. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. అమ్మాయి అమెరికాలో ఉంది, పురుడు దగ్గరపడింది. భార్యాభర్తలిద్దరూ మూడు నెలలు ఉండి రావాలి. బీమా కోసం వెళితే ఏజెంటు, “మాస్టారూ, ఇది లక్ష డాలర్ల పాలసీ, ప్రీమియం చాలా తక్కువ. స్టెంటు సంగతి ఫారంలో రాయకండి, వాళ్ళకెలా తెలుస్తుంది?” అన్నాడు.

మీరైతే ఏం చేస్తారు? ముందుకు చదివేముందు ఒక్క నిమిషం ఆలోచించండి.

11.2 దాచిపెడితే ఏమవుతుంది?

తెలుస్తుంది. ఆసుపత్రిలో చేరగానే మొదట అడిగేది పాత జబ్బుల గురించీ, వాడే మందుల గురించీ. ఆంజియోగ్రాం తీస్తే స్టెంటు కనిపిస్తుంది. పెద్ద క్లెయిము వస్తే బీమా కంపెనీ మన ఊరి వైద్యుని కాగితాలు కూడా అడుగుతుంది. బీమా ఒప్పందం ఉభయులూ ఉన్నది ఉన్నట్లు చెబుతారన్న నమ్మకంపై నిలుస్తుంది. అడిగిన విషయం దాచారని తేలితే క్లెయిము తిరస్కరించే అవకాశం కంపెనీకి దొరుకుతుంది. ఏజెంటు సలహా వల్ల మిగిలేది కొద్దిపాటి ప్రీమియం. పోయేది ఇల్లు కావచ్చు.

“అమెరికాలో డబ్బు లేకపోయినా వైద్యం చేస్తారట కదా” అని కొందరు అంటారు. ఇందులో సగమే నిజం. 1986లో అక్కడ చేసిన చట్టం ప్రకారం దాదాపు అన్ని ఆసుపత్రుల అత్యవసర విభాగాలూ, వచ్చిన రోగి డబ్బు కట్టగలడా లేదా అని చూడకుండా, పరీక్షించి పరిస్థితి నిలకడపడేవరకు వైద్యం చేయాలి. అయితే బిల్లు తర్వాత ఇంటికి వస్తుంది.

11.3 చూడవలసిన అంకె ఏది?

పాలసీ మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో ఉండేది మొత్తం బీమా సొమ్ము. గుండె జబ్బు ఉన్నవారికి ఆ అంకె అంతగా పనికిరాదు. లోపలి పేజీల్లో ‘ముందునుంచి ఉన్న జబ్బు’ అన్న షరతు ఉంటుంది. మన దేశంలో అమ్మే చాలా ప్రయాణ పాలసీలు అలాంటి జబ్బుకు వైద్యాన్ని మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాపాయం కలిగినప్పుడు ఒక చిన్న పరిమితి వరకు ఇస్తాయి. ఆ పరిమితే మీరు వెతకవలసిన అంకె.

ఒక లెక్క చూడండి. ఇందులోని అంకెలు లెక్క కోసం అనుకున్నవి మాత్రమే. ‘ఎ’ పాలసీకి ప్రీమియం 12,000 రూపాయలు, బీమా లక్ష డాలర్లు, పాత జబ్బుకు పరిమితి 1,500 డాలర్లు. ‘బి’ పాలసీకి ప్రీమియం 30,000 రూపాయలు, బీమా 50,000 డాలర్లే, కాని పాత జబ్బు అత్యవసరానికి కూడా ఆ మొత్తమంతా వర్తిస్తుంది. అందులో మొదటి 500 డాలర్లు మనం భరించాలి. దీన్నే డిడక్టిబుల్ అంటారు. గుండెపోటు వచ్చి 40,000 డాలర్ల బిల్లు అయిందనుకుందాం. ‘ఎ’ తీసుకున్నవారు 38,500 డాలర్లు సొంతంగా కట్టాలి. ‘బి’ తీసుకున్నవారు 500 డాలర్లు కడితే చాలు. అదే కాలు విరిగి అంతే బిల్లు వస్తే రెండూ పనికివస్తాయి. అంటే ‘ఎ’ మోసపు పాలసీ కాదు, గుండె జబ్బు లేనివారి పాలసీ.

వీసా కోసం అడిగే బీమా విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల బీమా చూపాలి. ఆ పత్రం వీసాకు సరిపోయినంత మాత్రాన గుండెకు సరిపోయినట్లు కాదు.

11.4 ‘హఠాత్తుగా’ అన్న మాట

అమెరికా కంపెనీలు సందర్శకులకు అమ్మే కొన్ని పాలసీలు, పాత జబ్బు హఠాత్తుగా తిరగబెడితే వైద్యం ఖర్చు ఇస్తాయి. వీటిలో వయోపరిమితి ఉంటుంది. ముందస్తు లక్షణాలు లేకుండా రావాలి, సాధారణంగా 24 గంటల లోపల వైద్యం మొదలు కావాలి అన్న షరతులూ ఉంటాయి. మామూలు చెకప్పులకు, రోజూ వేసుకునే మందులకు డబ్బు రాదు.

ఈ షరతును మన అలవాటుతో కలిపి చూడండి. ఛాతీలో నొప్పి వస్తే “గ్యాస్ అయి ఉంటుంది, పిల్లల్ని కంగారు పెట్టడమెందుకు” అని మజ్జిగ తాగి పడుకుంటాం. రెండు రోజుల తర్వాత ఆసుపత్రికి వెళితే ప్రాణానికీ ముప్పు, క్లెయిముకూ ముప్పు. అమెరికాలో అలాంటి నొప్పి రాగానే 911కు ఫోను చేయించాలి. బీమా కార్డుపై ఉన్న సహాయ నంబరుకు ఆ తర్వాత చెప్పవచ్చు.

11.5 ఖర్చు తగ్గించుకోవడం

నిజం దాచకుండానే ఖర్చు తగ్గించే దారులున్నాయి. భార్యాభర్తలు ఒకే రకం పాలసీ తీసుకోనక్కరలేదు. మాస్టారికి ‘బి’ వంటిది, గుండె జబ్బు లేని ఆయన భార్యకు ‘ఎ’ వంటిది చాలు. డిడక్టిబుల్ పెంచుకుంటే ప్రీమియం తగ్గుతుంది; కాని ఆ మొత్తం చేతిలో ఉండాలి. సింగపూరుకు మాత్రమే వెళ్ళేవారు అమెరికా, కెనడాలు కలిసిన పాలసీ కొనడం దండగ. ఉండే రోజులు సరిగ్గా లెక్కించుకోండి. డిశ్చార్జి సమ్మరీ, తాజా ఇ.సి.జి., మందుల అసలు పేర్లున్న చీటీ చేతి సంచిలో పెట్టుకోండి.

మన దేశపు కంపెనీ క్లెయిము అన్యాయంగా తిరస్కరిస్తే ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెల రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. హైదరాబాదులో ఆ కార్యాలయం ఉంది. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. విదేశీ కంపెనీ పాలసీకి ఈ సౌకర్యం వర్తించదు. కొనేముందు ఇది కూడా తూకంలో వేసుకోవాలి.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. పైన చెప్పిన ‘ఎ’, ‘బి’ పాలసీల్లో గుండెపోటు బిల్లు 60,000 డాలర్లయితే ఒక్కొక్కరు సొంతంగా ఎంత కట్టాలి?

2. ఏజెంటు మాటకు మాస్టారు ఏమని జవాబివ్వాలి? నాలుగు వాక్యాల్లో రాయండి.

3. తెలిసినవారి దగ్గర ఒక ప్రయాణ బీమా పాలసీ అడిగి తీసుకోండి. ‘ముందునుంచి ఉన్న జబ్బు’ షరతు ఏ పేజీలో ఉందో వెతికి, దానిని మీ సొంత మాటల్లో రాయండి.