ఇంటి వైర్‌లెస్ నెట్‌వర్కు: ఫైళ్లు పంచుకోవడంలో ఆటంకాలు, వాటి పరిష్కారం

ఒకప్పుడు కార్యాలయాలకూ పరిశోధనాలయాలకూ పరిమితమైన కంప్యూటర్లు నేడు సామాన్య కుటుంబాలలోకి ప్రవేశించాయి. ఒకే ఇంట్లో రెండు మూడు కంప్యూటర్లుండడం ఇప్పుడు విశేషం కాదు. పెద్దవారి పింఛను కాగితాలు, పొలం పాసుపుస్తకం నకళ్లు, పెళ్లి ఫోటోలు ముందుగదిలోని పాత డెస్క్‌టాప్‌లో ఉంటాయి. పిల్లల చదువు, ఉద్యోగస్తుల పని ల్యాప్‌టాప్‌ల మీద సాగుతాయి. ఒకదానిలోని ఫైలు మరొకదానిలో కావలసి వచ్చినప్పుడు పెన్‌డ్రైవ్ పట్టుకొని గది నుంచి గదికి తిరగవలసిన పని లేదు. ఇంట్లో ఉన్న వైఫై రౌటరే ఈ యంత్రాలన్నింటినీ కలుపుతుంది. ఇంటర్నెట్ సౌకర్యం నిలిచిపోయిన రోజున కూడా ఈ ఏర్పాటు పని చేస్తుంది. ఫైలు ఇంటి గడప దాటి పోదు కనుక దీనికి బయటి సహాయం అవసరం లేదు.

అయితే ఈ సౌకర్యం కొన్నిసార్లు మొరాయిస్తుంది. నిన్నటిదాకా కనిపించిన కంప్యూటరు నేడు కనిపించదు. కనిపించినా లోనికి రానివ్వదు. అప్పుడు విసిగిపోయిన గృహస్థులు సాధారణంగా చేసే పని ఒకటుంది. ఫైర్‌వాల్‌ను ఆపివేస్తారు, పాస్‌వర్డును తొలగిస్తారు, డిస్కు మొత్తాన్నీ అందరికీ తెరచి పెడతారు. దానితో పని జరిగితే జరగవచ్చు. కాని అది తాళం రావడం లేదని తలుపునే ఊడబెరికినట్లవుతుంది. నిజానికి లోపం నాలుగు చోట్లలో ఏదో ఒకచోట ఉంటుంది: రెండు యంత్రాల నడుమ మార్గం, ఒకదానికొకటి తెలియవలసిన పేరు, ఫైళ్లను పంచే యంత్రం సంసిద్ధత, లోనికి వెళ్లేందుకు అనుమతి. ఈ నాలుగింటినీ ఇదే వరుసలో పరీక్షిస్తే ఏ తలుపూ ఊడబెరకవలసిన అగత్యం ఏర్పడదు.

వెనుకటి కథ

తీగలు లేకుండా కంప్యూటర్లను కలపాలన్న ఆలోచన సముద్రం మధ్య పుట్టింది. హవాయి దీవులలో చెదరి ఉన్న విశ్వవిద్యాలయ కేంద్రాలను రేడియో ద్వారా కలిపే ఉద్దేశంతో నార్మన్ అబ్రామ్సన్, ఆయన సహచరులు రూపొందించిన అలోహానెట్ 1971లో పని ప్రారంభించింది. నేటి వైఫైకి ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ రేడియో పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలను లైసెన్సు లేకుండా వాడుకొనేందుకు 2005లో కేంద్ర ప్రభుత్వం నిబంధనలు ప్రకటించింది. ఇంటింటా రౌటరు వెలసేందుకు ఇది దారి సుగమం చేసింది.

యంత్రాలు కలిసినంత మాత్రాన ఫైళ్లు పంచుకోలేవు. అందుకు అవి ఒకే భాష మాట్లాడాలి. ఐబిఎంలో పనిచేసిన బారీ ఫైగెన్‌బామ్ 1980ల తొలినాళ్లలో రూపొందించిన ఎస్ఎమ్‌బి అనే నియమావళి అటువంటి భాష. దానిని మైక్రోసాఫ్ట్ విస్తృతపరచింది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ ఇదే భాషను యూనిక్స్ యంత్రాలకు నేర్పే ప్రయత్నం చేసి, 1992లో తన ప్రోగ్రామును ఉచితంగా విడుదల చేశారు. అదే తరువాత సాంబా పేరుతో ప్రసిద్ధి పొందింది. ఎస్, ఎమ్, బి అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం వెదకగా దొరికిన పేరది. 2013 నుంచి ఆపిల్ మాక్ కంప్యూటర్లు కూడా తమలో తాము ఫైళ్లు పంచుకొనేందుకు ఈ పద్ధతికే మొదటి స్థానమిచ్చాయి. ఈ విధంగా విండోస్, మాక్, లినక్స్ అనే మూడు వేర్వేరు వంశాల యంత్రాలు ఒకే ఇంట్లో ఇమడగలుగుతున్నాయి.

మొదటి మెట్టు: మార్గం

ముందుగా రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్కులో ఉన్నవా అన్నది చూడాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరచి ఐపికాన్ఫిగ్ అనే ఆదేశమిస్తే ఆ యంత్రం చిరునామా తెలుస్తుంది. ఇది సాధారణంగా 192.168.1.5 వంటి నాలుగు అంకెల సముదాయం. ఇండ్లలో వాడే రౌటర్లలో సాధారణంగా మొదటి మూడు సంఖ్యలు నెట్‌వర్కును, చివరి సంఖ్య అందులోని యంత్రాన్ని సూచిస్తాయి. మొదటి మూడింటిని వీధి పేరుగానూ, చివరిదానిని ఇంటి నంబరుగానూ భావించవచ్చు. రెండు కంప్యూటర్లకూ వీధి ఒకటే కావాలి, ఇంటి నంబరు వేరు కావాలి. చిరునామా 169.254తో మొదలైతే ఆ యంత్రానికి రౌటరు నుంచి చిరునామాయే అందలేదని అర్థం. అప్పుడు వైఫైని ఒకసారి ఆపి తిరిగి కలపాలి. అప్పటికీ ఫలితం లేకపోతే రౌటరును ఆపి తిరిగి ప్రారంభించాలి.

వీధులు వేరు కావడానికి మన ఇళ్లలో తరచు కనిపించే కారణం రెండు రౌటర్లు. ఫైబర్ కనెక్షన్ ఇచ్చిన సంస్థ ఒక పెట్టె బిగించి వెడుతుంది. దాని సిగ్నలు వెనుక గదికి చాలడం లేదని ఇంటివారు మరొక రౌటరు కొని దానికి తగిలిస్తారు. ఆ రెండవది తనదైన చిరునామాలు పంచడం మొదలుపెడితే ఇల్లు రెండు వీధులుగా చీలిపోతుంది. ఇంటర్నెట్ రెండింటిలోనూ చక్కగా వస్తుంది కనుక లోపం బయటపడదు. రెండవ రౌటరును యాక్సెస్ పాయింట్ పద్ధతిలోకి మార్చితే వీధి ఒకటవుతుంది.

అతిథుల కోసం ఏర్పరచిన గెస్ట్ నెట్‌వర్కు మరొక కారణం. అందులో చేరిన యంత్రాలకు ఇంటర్నెట్ మాత్రమే లభిస్తుంది. ఇంట్లోని ఇతర యంత్రాలు కనబడకుండా రౌటరు అడ్డుగోడ కడుతుంది. ఇది లోపం కాదు, రక్షణ. ఇంటి కంప్యూటరును ముఖ్య నెట్‌వర్కులోకి మార్చడమే సరైన పద్ధతి. కార్యాలయపు ల్యాప్‌టాప్‌లో విపిఎన్ నడుస్తున్నప్పుడు కూడా ఇంటి మార్గం మూసుకుపోవచ్చు. రౌటరు 2.4, 5 గిగాహెర్ట్జ్ పట్టీలను రెండు పేర్లతో చూపడం మాత్రం సాధారణంగా చిక్కు కాదు. పేర్లు రెండైనా లోపల నెట్‌వర్కు ఒకటే.

మార్గాన్ని పరీక్షించేందుకు పింగ్ అనే ఆదేశం ఉపకరిస్తుంది. అవతలి యంత్రం బదులిస్తే మార్గం ఉన్నట్లే. బదులివ్వనంత మాత్రాన మార్గం లేదని తీర్పు చెప్పరాదు. ఫైర్‌వాల్ అటువంటి పిలుపులకు మౌనం వహించవచ్చు. అవతలి యంత్రం నిద్రావస్థలో ఉన్నా బదులు రాదు. మధ్యాహ్నం పనిచేసి సాయంత్రం మొరాయించే అనేక ఫిర్యాదులకు కారణం ఈ నిద్రే. ఫైళ్లు ఉంచిన కంప్యూటరు తనంతట తాను నిద్రపోకుండా పవర్ సెట్టింగ్సులో మార్పు చేయాలి.

రెండవ మెట్టు: పేరు

మార్గం ఉన్నా కంప్యూటరు పేరు జాబితాలో కనిపించకపోవచ్చు. అప్పుడు ఫైల్ ఎక్స్‌ప్లోరర్ పైభాగంలో రెండు వెనుకవాటు గీతలు, వాటి పక్కన అవతలి యంత్రం చిరునామా \\192.168.1.5 అన్నట్లు టైపు చేయాలి. ఫోల్డర్లు తెరచుకుంటే ఫైళ్లు పంచే ఏర్పాటంతా సవ్యంగా ఉన్నదనీ, పేరు చాటింపు వేసే సేవ మాత్రమే ఆగిపోయిందనీ తేలుతుంది. విండోస్‌లో ఆ పని చేసేది ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్ అనే సేవ. ఫైళ్లున్న యంత్రంలో దానిని ప్రారంభిస్తే చాలు. రౌటరులో ఆ యంత్రానికి ఒక చిరునామాను శాశ్వతంగా కేటాయిస్తే అది రోజుకొకటిగా మారే అవకాశం ఉండదు. పేరుతో నిమిత్తం లేకుండా చిరునామాతోనే పని జరుపుకోవచ్చు.

మూడవ మెట్టు: సంసిద్ధత

విండోస్ ప్రతి నెట్‌వర్కునూ పబ్లిక్, ప్రైవేట్ అని రెండు తరగతులుగా చూస్తుంది. రైల్వే స్టేషను, హోటలు వంటి చోట్ల పబ్లిక్ తగినది. అందులో కంప్యూటరు తన ఉనికిని చాటుకోదు, ఫైళ్లు పంచదు. కొత్తగా చేరిన నెట్‌వర్కును పబ్లిక్‌గా భావించడం దాని స్వభావం. రౌటరు మార్చిన మర్నాడు ఫైళ్లు అందకుండా పోవడానికి తరచు ఇదే మూలం. ఇంటి నెట్‌వర్కును ప్రైవేట్‌గా మార్చి, ఫైల్ అండ్ ప్రింటర్ షేరింగ్ అనుమతిస్తే ఫైర్‌వాల్ తనకు తానుగా అవసరమైనంత మేరకే దారి ఇస్తుంది. దానిని ఆపవలసిన పని లేదు. వేరుగా కొన్న యాంటీవైరస్ తన ఫైర్‌వాల్‌ను నడుపుతుంటే అందులోనూ ఇదే మార్పు చేయాలి.

మాక్‌లో ఫైల్ షేరింగ్‌ను ప్రారంభించడంతో పాటు విండోస్ నుంచి వచ్చే వారి ఖాతా ఎదుట గుర్తు పెట్టాలి. లినక్స్‌లో సాంబాకు సొంత పాస్‌వర్డుల పట్టిక ఉంటుంది. యంత్రంలో ఖాతా ఉన్నా ఆ పట్టికలో చేర్చనిదే ప్రవేశం లభించదు.

నాలుగవ మెట్టు: అనుమతి

పేరు, పాస్‌వర్డు అడుగుతూ పదేపదే తిరస్కరించడం మిక్కిలి విసుగు పుట్టించే ఆటంకం. దీనికి కారణాలు కొన్నే. విండోస్‌లోకి ప్రవేశించేందుకు రోజూ వాడే నాలుగంకెల పిన్ ఆ ఒక్క యంత్రానికే చెల్లుతుంది. నెట్‌వర్కు మీద అసలు పాస్‌వర్డే కావాలి. పాస్‌వర్డు లేని ఖాతాను విండోస్ నెట్‌వర్కు ద్వారా రానివ్వదు. కనుక పాస్‌వర్డు తీసివేయడం వలన దారి సుగమం కాకపోగా మూసుకుపోతుంది. పాత పాస్‌వర్డు క్రెడెన్షియల్ మేనేజరులో దాగి ఉండి ప్రతిసారీ అదే అందుతుండవచ్చు. దానిని తొలగించి తిరిగి ప్రయత్నించాలి.

లోపలికి వెళ్లిన తరువాత కూడా రెండు కట్టుబాట్లు ఉంటాయి. ఫోల్డరును పంచినప్పుడు ఇచ్చిన అనుమతి ఒకటి, డిస్కు మీద ఆ ఫైలుకున్న అనుమతి మరొకటి. రెండింటిలో ఏది కఠినమో అదే చెల్లుతుంది. ఫైలు తెరచుకుంటున్నా మార్పులు భద్రపరచలేకపోతే ఈ రెండింటినీ సరిచూడాలి. ఇందుకు శ్రేష్ఠమైన పద్ధతి, పంచుకోవడానికే ఒక ఖాతాను సృష్టించి, ఒకే ఒక ఫోల్డరుకు దానికి అనుమతి ఇవ్వడం. పెళ్లి ఫోటోలు అందరూ చూడవచ్చు. బ్యాంకు కాగితాల ఫోల్డరు ఆ ఖాతాకు కనిపించనే కూడదు.

పాత తలుపులు తెరవరాదు

రౌటరుకు తగిలించిన డిస్కులు, పాత నిల్వ పెట్టెలు కొన్ని ఎస్ఎమ్‌బి మొదటి కూర్పును మాత్రమే ఎరుగుదురు. 2017 చివర వచ్చిన విండోస్ 10 కూర్పు నుంచి కొత్తగా స్థాపించిన యంత్రాలలో ఆ మొదటి కూర్పును మైక్రోసాఫ్ట్ చేర్చడం మానివేసింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 ప్రో కూర్పు మరింత ముందుకు వెళ్లి, పాస్‌వర్డు లేని అతిథి ప్రవేశాన్ని నిరాకరించి, ప్రతి సందేశం మీద సంతకం కోరసాగింది. అందువలన నిన్నటిదాకా పనిచేసిన పాత పెట్టెలు కొన్ని ఒక్కసారిగా అందకుండా పోయాయి.

మొదటి కూర్పును తిరిగి అమర్చుకోవడం సులభమే. కాని దాని మూల్యం ప్రపంచానికి తెలిసినదే. 2017 మే నెలలో వన్నాక్రై అనే దుష్ట ప్రోగ్రాము ఈ కూర్పులోని లోపం ద్వారానే ఒక యంత్రం నుంచి మరొక యంత్రానికి పాకింది. ఫైళ్లను సంకేత లిపిలో బంధించి డబ్బు డిమాండు చేసింది. బ్రిటన్‌లో ఆస్పత్రుల పని స్తంభించింది. మన దేశంలో ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖకు చెందిన కొన్ని కంప్యూటర్లు కూడా దాని వాత పడ్డాయి. లోపాన్ని సవరించే మరమ్మతును మైక్రోసాఫ్ట్ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. దానిని అమర్చుకోని యంత్రాలే ప్రధానంగా నష్టపోయాయి. కావున పాత పెట్టెకు కొత్త సాఫ్ట్‌వేరు లభిస్తే అమర్చుకోవాలి. లేకపోతే అందులోని ఫైళ్లను యుఎస్‌బి ద్వారా వెలికితీసి దానిని విరమించడం మేలు.

చేరినా చదవలేని ఫైళ్లు

తెలుగువారి ఇళ్లలో కనిపించే ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది. ఫైలు సక్రమంగా చేరుతుంది, తెరచుకుంటుంది, కాని తెలుగు అక్షరాల స్థానంలో అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఇది నెట్‌వర్కు లోపం కాదు. శుభలేఖలు, పుస్తకాలు అచ్చుకు సిద్ధం చేసేవారు చిరకాలంగా వాడుతున్న అను వంటి ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తెలుగు రూపాలను నిలిపాయి. ఆ ఫాంటు లేని యంత్రంలో అసలు స్థానాలే బయటపడతాయి. 1991లో వెలువడిన తొలి యూనికోడ్ ప్రమాణంలోనే తెలుగు లిపికి స్వంత స్థానం లభించింది. ఫైలును యూనికోడ్‌లోకి మార్చినా, ఫాంటుతో కలిపి పిడిఎఫ్‌గా భద్రపరచినా ఏ యంత్రంలోనైనా చదవవచ్చు.

వేగం, జాగ్రత్త

రెండు కంప్యూటర్లూ ఒకే పట్టీలో వైఫై మీదనే ఉంటే ప్రతి ఫైలూ గాలిలో రెండుసార్లు ప్రయాణిస్తుంది: ఒకసారి రౌటరుకు, మరొకసారి రౌటరు నుంచి. అందువలన వేగం దాదాపు సగానికి పడిపోతుంది. సెకనుకు 40 మెగాబిట్ల వేగంతో 10 గిగాబైట్ల వీడియో చేరడానికి అరగంటకు పైగా పడుతుంది. ఫైళ్లున్న యంత్రాన్నైనా తీగతో రౌటరుకు కలిపితే గాలిలో ప్రయాణం ఒకసారితో ముగుస్తుంది.

పంచుకొన్న ఫోల్డరును భద్రపరచిన నకలుగా భావించడం పొరపాటు. ఒకరు పొరపాటున తొలగించిన ఫైలు అందరికీ పోతుంది. విలువైన కాగితాల నకలు వేరొక డిస్కులో ఉంచి, ఆ డిస్కును యంత్రం నుంచి విడదీసి భద్రపరచాలి.

వేర్వేరు సంస్థలు, వేర్వేరు దేశాలు తయారుచేసిన యంత్రాలు తమ ప్రత్యేకతను వదులుకోకుండానే ఒక ఉమ్మడి నియమావళికి లోబడి సహకరించుకోవడం ఈ ఏర్పాటుకు మూలసూత్రం. అందులో ఎవరికి ఎంతవరకు ప్రవేశమన్నది నిర్ణయించే హక్కు ఇంటివారిదే. మార్గం, పేరు, సంసిద్ధత, అనుమతి అన్న వరుసను పాటించేవారు ఫైలునూ పొందగలరు, తలుపునూ కాపాడుకోగలరు.