బాధితుల ఫోటోలు – పత్రికల బాధ్యత

1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుండి విషవాయువు వెలువడి వేలాదిమంది మరణించారు. పూడ్చిపెడుతున్న ఒక పసిబిడ్డ ముఖాన్ని రఘు రాయ్, పాబ్లో బార్తొలొమ్యూ ఫోటో తీశారు. ఆ బిడ్డ పేరు లోకానికి తెలియదు. కానీ ఆ ముఖమే ఆ ఘోరానికి సాక్ష్యంగా నిలిచింది.

అయితే ప్రతి ఫోటో సాక్ష్యం కాదు. వసతి గృహాల్లో కలుషితాహారం తిని విద్యార్థులు ఆసుపత్రి పాలైతే, సెలైన్ ఎక్కుతున్న ముఖాలు పత్రికల్లో వస్తాయి. పురుగుల బియ్యం, కడగని నీళ్ల ట్యాంకు మాత్రం తరచుగా కనిపించవు.

నేరానికి గురైన పిల్లల పేరు, ఫోటో, పాఠశాల వివరాలు ప్రచురించరాదని 2015 బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. భోపాల్ బిడ్డను అడిగే వీలు లేదు. బ్రతికున్నవారిని, వారి తల్లిదండ్రులను అడగవచ్చు కదా! ముఖాలకంటే ముందు కారణాన్ని చూపమని మేము కోరుతున్నాము.