చెరువు నీటి కొలత – గాలి ప్రభావము

మన పెద్దవూర నాగార్జునసాగర్ జలాశయమునకు పొరుగున ఉన్నను, కాలువ నీరు అందని పొలములకు చెరువులు, కుంటలు, బావులే దిక్కు. ఏ చెరువులో ఎంత నీరున్నదో సకాలములో తెలిసిననాడే ఎన్ని ఎకరముల వరి నాటవచ్చునో నిర్ణయించుకొనగలము. హైదరాబాదులోని జాతీయ దూర సంవేదన కేంద్రము ఉపగ్రహ చిత్రముల సాయముతో దేశములోని జలాశయముల నీటి విస్తీర్ణమును లెక్కించుచున్నది. రాడార్ చిత్రములతో చేయు లెక్కను గాలి ఏ విధముగా తారుమారు చేయగలదో ఇక్కడ పరిశీలింతము.

చెరువులు నిండునది వానకాలములో. అప్పుడు మేఘములు కప్పివేయును గనుక మామూలు ఛాయాచిత్రములు అక్కరకు రావు. రాడార్ ఉపగ్రహము తానే సూక్ష్మతరంగములను ఏటవాలుగా నేలపైకి పంపి, తిరిగి వచ్చిన భాగమును కొలుచును. ఆ తరంగములు మేఘములను దాటగలవు; రాత్రివేళ సైతము పనిచేయును. 2012లో ఇస్రో ప్రయోగించిన రిశాట్-1, 2014లో ఐరోపా వారు ప్రయోగించిన సెంటినెల్-1ఎ, 2025 జులై 30న శ్రీహరికోట నుండి ప్రయోగింపబడిన ఇస్రో–నాసాల నైసార్ ఈ కోవకు చెందినవి.

నిశ్చలమైన నీరు అద్దము వంటిది. ఏటవాలుగా తాకిన తరంగమును అవతలి దిక్కునకే పంపివేయును. ఉపగ్రహమునకు దాదాపు ఏమియు తిరిగి రాదు. కాబట్టి చిత్రములో చెరువు నల్లగాను, గరుకైన పొలము, చెట్లు తెల్లగాను కనిపించును. నల్లని భాగమును లెక్కించినచో నీటి విస్తీర్ణము తేలును.

గాలి వీచినపుడు నీటిపై చిన్న అలలు లేచును. రాడార్ తరంగ దైర్ఘ్యమును, పతన కోణపు సైను విలువకు రెండింతలతో భాగించగా వచ్చు పొడవు గల అలలు తరంగమును బలముగా వెనుకకు పంపును. దీనికి బ్రాగ్ పరిక్షేపణమని పేరు. సెంటినెల్ తరంగ దైర్ఘ్యము సుమారు 5.5 సెంటీమీటర్లు. కోణము 35 డిగ్రీలైనచో 4.8 సెంటీమీటర్ల అలలు చాలును. అంతటి అలలు చిన్న గాలికే లేచును. అప్పుడు నీరు తెల్లబడి నేలతో కలిసిపోవును. నిండిన చెరువు సగమే నిండినట్లు లెక్కకు రావచ్చును. మేఘముల వలన రాడార్ అవసరమగు ఋతుపవన కాలముననే గాలులును హెచ్చు. చిక్కంతయు ఇందే యున్నది.

దీనికి మార్గములు లేకపోలేదు. మొదటిది, దీర్ఘ తరంగములను వాడుట. నైసార్ లోని 24 సెంటీమీటర్ల తరంగమునకు అదే కోణములో సుమారు 21 సెంటీమీటర్ల అలలు కావలెను. చిన్న కుంటలో పిల్లగాలికి అవి లేచుట అరుదు. రెండవది, ధ్రువణమును మార్చి చూచుట. నిలువుగా పంపి నిలువుగా అందుకొను తరంగముపై గాలి ప్రభావము ఎక్కువ. నిలువుగా పంపి అడ్డముగా అందుకొను దానిపై తక్కువ. మూడవది, వేర్వేరు దినముల చిత్రములను పోల్చుట. నీరు ఒక్కనాటిలో ఇంకిపోయి, మరునాడు వాన లేకయే నిండదు గదా! నాలుగవది, గాలి సాధారణముగా మందగించి యుండు తెల్లవారుజాము చిత్రములను ఎంచుకొనుట.

నల్లనిదంతయు నీరును కాదు. తారురోడ్డు, చదునైన ఇసుక మేట కూడ నునుపుగా ఉండుటచే నల్లగానే కనిపించును. మరియు 2022 డిసెంబరులో ప్రయోగించిన స్వాట్ ఉపగ్రహము దాదాపు నిట్టనిలువుగా చూచును గనుక దాని పద్ధతి వేరు. నీరు మరీ నిశ్చలముగా ఉన్నప్పుడే దానికి సంకేతము అందకపోవచ్చును.

కనుక రాడార్ ప్రత్యక్షముగా కొలుచునది తిరిగి వచ్చిన తరంగమును మాత్రమే. దాని నుండి నీటిని ఊహించుట మానవుని పని. ఉపగ్రహము మన మీదుగా సాగు దినమున మన విద్యార్థులు చెరువు కట్టపై నిలిచి గాలి వేగమును, నీటి అంచును నమోదు చేసినచో ఆ ఊహ సరియో కాదో తేలగలదు. కళాశాల సంఘము వారు ఒక గాలివేగ మాపకమును సమకూర్చినచో ఈ పాఠము తరగతి గోడలు దాటి రైతుకు ఉపకరింపగలదు.