చొక్కా ఆయుష్షు ఉతికే చేతిలో

జాండ్రపేట, చీరాల

చిరంజీవి చిన్నాకు పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమస్తాగా కుదురుకున్నావని, దగ్గర్లోనే గది తీసుకున్నావని చెప్పి ఎంతో సంతోషపడింది. ఆ వెంటనే ఒక బెంగా చెప్పింది. దసరాకు కుట్టించిన నాలుగు కాటన్ చొక్కాలు అప్పుడే వెలిసిపోయాయట. రెండిటికి కాలరు మడత దగ్గర పోగులు లేచాయట. "కాటన్ అంతేనమ్మా, ఇక పాలిస్టర్ కొనుక్కుంటా" అన్నావట. ఆ మాట విన్నాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

కాటన్ అంతే అనకు నాయనా. నువ్వు పనిచేసేది గుంటూరులో. మే నెలలో 45 డిగ్రీలకు చేరే ఊరు అది. నూలు గుడ్డ మామూలు గాలిలోనే తన బరువులో 8 శాతం దాకా తేమ పట్టుకుంటుంది. పాలిస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే నూలు చెమట పీల్చి ఒంటికి చల్లగా ఉంటుంది, పాలిస్టర్ చెమటను ఒంటికే అంటిపెడుతుంది. మిరప బస్తాల మధ్య పొద్దంతా తిరిగేవాడికి నూలుకు మించిన బట్ట లేదు. అది ఎక్కువ కాలం ఉండాలంటే ఎలా ఉతకాలో, ఎలా ఆరేయాలో తెలియాలి. చొక్కా ఒంటి మీద అరిగేది కొంతే. దాని ప్రాణం తీసేవి ఉతుకులో రాపిడి, ఆరేసేటప్పుడు ఎండ, ఇస్త్రీ పెట్టె వేడి. ఆ మూడూ నీ చేతిలోవే.

ముందు నువ్వు తొడుక్కున్నది ఏమిటో తెలుసుకో. ఒక చొక్కా గుడ్డ పావు కిలో దాకా తూగుతుంది. మిల్లులో పోయే తరుగు కలుపుకుంటే దానికి 300 గ్రాముల దూది కావాలి. పత్తిలో దూది మూడో వంతే, మిగతాదంతా గింజ. అంటే కిలోకు కాస్త తక్కువ పత్తి. ఒక్కో కాయకు నాలుగైదు గ్రాముల పత్తి వస్తుంది. లెక్కేసుకో, నీ చొక్కా వెనక సుమారు 200 కాయలున్నాయి. మన పర్చూరు, ప్రత్తిపాడు నల్లరేగడి చేలల్లో ఆ పత్తిని ఆడవాళ్లు ఎండలో నడుం వంచి ఒక్కో కాయా చేత్తో తీస్తారు. ఆ తర్వాత జిన్నింగు మిల్లు, చిలకలూరిపేట పక్కన గణపవరంలో ఉన్నలాంటి స్పిన్నింగు మిల్లు, మగ్గం, అద్దకం, దర్జీ. ఇంతమంది చేతుల మీదుగా వచ్చిన గుడ్డ ఆరు నెలల్లో మసిగుడ్డ కావడం నేత ఇంట పుట్టిన నాకు మనసొప్పదు.

ఇప్పుడు పని మాట. కొత్త చొక్కా ఎందుకు పొట్టిదవుతుందో మగ్గం చూసినవాళ్లకు తెలుసు. నేసేటప్పుడు పడుగును బిగించి లాగి ఉంచుతారు. గుడ్డ నీళ్లలో పడగానే ఆ బిగువు సడలి పోగు తన అసలు పొడవుకు వస్తుంది. అందుకే గుడ్డ కొని కుట్టించుకునేటప్పుడు ముందు ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, ఆ తర్వాతే దర్జీకి ఇవ్వు. రెడీమేడ్ అయితే మొదటి ఉతుకు విడిగా, చన్నీళ్లలో ఉతుకు. అంచు లోపలివైపు ఒక చోట తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడు. రంగు అంటితే ఇంకో రెండు మూడు ఉతుకుల దాకా దాన్ని వేరే బట్టలతో కలపకు. ఉప్పు నీళ్లలో నానబెడితే రంగు ఆగుతుందని చాలామంది చెబుతారు. ఇప్పటి చొక్కాల రంగు మిల్లులోనే పోగుకు పట్టించి వస్తుంది. అక్కడ సరిగ్గా పట్టని రంగును మన ఇంటి ఉప్పు నిలబెట్టలేదు.

నీ పనికి అన్నిటికన్నా ముఖ్యమైనది మిరప దుమ్ము. మిరప ఘాటు, ఎరుపు రెండూ నూనెలో కరిగేవే, నీళ్లలో కరగవు. దుమ్ముతో ఉన్న చొక్కాను అలాగే బకెట్లో ముంచితే ఆ దుమ్ము తడిసి పోగుల మధ్యకు దిగుతుంది. కాబట్టి గదికి రాగానే చొక్కా విప్పి, డాబా మీదికి తీసుకెళ్లి, గాలి నీ వైపు నుంచి అవతలికి వీచేలా నిలబడి గట్టిగా దులుపు. ముక్కుకు రుమాలు కట్టుకో. జేబులు బయటికి తిప్పి దులుపు, దుమ్ము ఎక్కువ చేరేది అక్కడే. యార్డు చొక్కాలను బనియన్లతో, లోబట్టలతో, తువ్వాళ్లతో కలిపి ఎన్నడూ ఉతకకు. ఘాటు వాటికి పడితే ఒళ్లంతా మంటే. వేడినీళ్లు కూడా వద్దు, ఆ ఆవిరికి చిన్న స్నానాల గదిలో దగ్గు ఆగదు. ఉతికాక చేతులు మండితే కొంచెం వంటనూనె రాసి ఆ పైన సబ్బుతో కడుక్కో, తగ్గుతుంది.

ఎంత అలసిపోయి వచ్చినా ఒక్క పని మాత్రం మానకు. దులిపిన చొక్కాను ఆ రాత్రే ఒక బకెట్ మామూలు నీళ్లలో రెండుసార్లు ముంచి తీసి ఆరేయి. సబ్బు ఆదివారం పెట్టుకోవచ్చు. చెమటలోని ఉప్పు, జిడ్డు గుడ్డలో ఎండిపోయి వారమంతా ఉంటేనే కాలరు పసుపెక్కుతుంది, చంకల దగ్గర గుడ్డ బిరుసెక్కుతుంది. వెంటనే నీళ్లు తగిలితే ఆదివారం సగం పనే మిగులుతుంది. రుద్దే అవసరమే తగ్గుతుంది.

ఉతికేటప్పుడు ముందు నీళ్లు చూసుకో. గుంటూరైనా ఒంగోలైనా బోరు నీళ్లు చాలాచోట్ల కఠినం. వాటిలోని సున్నం లవణాలు బట్టల సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. అది పోగుల్లో ఇరుక్కుని చొక్కా బూడిదరంగుకు తిరుగుతుంది, అట్టలా బిరుసవుతుంది. అందుకని బోరు నీళ్లలో బిళ్ల సబ్బు కన్నా పొడి గానీ ద్రవం గానీ మేలు. ఉతకడం బోరు నీళ్లతో అయినా, ఆఖరి జాడింపుకు ఒక బకెట్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లు దాచిపెట్టుకో. వేసవిలో ఇంకో సంగతి. డాబా మీది నల్ల ట్యాంకులో నీళ్లు మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. ఆ నీళ్లలో రంగు దిగుతుంది, రక్తపు మరక లాంటివైతే ఇంకా గట్టిపడతాయి. తెల్లవారుజామున ఉతుక్కో.

సబ్బు పొడి పొట్లం మీద రాసినదానికన్నా కాస్త తక్కువే వెయ్యి. నురుగు ఎక్కువైతే మురికి ఎక్కువ పోతుందనుకోవడం పొరపాటు. జాడించినా పోని సబ్బే తర్వాత మురికిని పట్టుకుంటుంది. చొక్కాను తిరగేసి, గుండీలన్నీ విప్పి, అరగంట నానబెట్టు. రాత్రంతా నానబెట్టకు. కాలరుకు, చేతి పట్టీలకు సబ్బు రాసి వేళ్లతో మెల్లగా నలుపు. బ్రష్ మాత్రం పెట్టకు. నీ చొక్కాల కాలర్లకు పోగులు లేచింది బ్రష్ వల్లే అయి ఉంటుంది. నూలు తడిస్తే దాని బలం పెరుగుతుంది, నీళ్లకు అది జంకదు. దాన్ని చంపేది రాపిడి. జాడించడం మాత్రం నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించు.

బండకేసి బాదితేనే మురికి పోతుందని మన పాతవాళ్లు అనేవారు. మన రేవుల్లో రజకులు చౌడుమట్టి నీళ్లలో బట్టలు ముంచి, బానలో ఆవిరి పట్టించి, ఆ తర్వాత బండ మీద ఉతికేవారు. మురికిని వదలగొట్టింది చాలావరకు ఆ చౌడు, ఆవిరే. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి నల్లజీడి రసంతో గుర్తు పెట్టేవారు, అది ఎన్ని ఉతుకులకూ పోయేది కాదు. అప్పుడు ఉతికినవి పంచెలు, చీరలు, దుప్పట్లు. వాటికి కుట్లు లేవు, గుండీలు లేవు. నీ చొక్కాకు కాలరు మడత ఉంది, భుజాన కుట్టు ఉంది, కాజాలున్నాయి. బండ దెబ్బ తగిలేది మొదట వాటికే.

మెషీన్ ఉంటే అదీ మంచిదే. డ్రమ్ములో మూడో వంతు ఖాళీ ఉంచు, నీళ్లు వేడి చేయకు, స్పిన్ తగ్గించు. జీన్స్ ప్యాంట్లతో కలిపి చొక్కాలు వేయకు, ఆ జిప్పులు, మోటు కుట్లు సన్నపోగును గీరేస్తాయి. అమెరికాలో ఉన్న మీ అక్క బట్టలు డ్రయ్యర్‌లో ఆరబెడుతుంది. అందులోని జల్లెడలో ప్రతిసారీ పేరుకునే నూగు చొక్కాల నుంచి రాలిన దూదే అని తనకూ చెప్పు. మన ఎండలున్న చోట ఆ యంత్రంతో పనేముంది?

ఇక ఆ ఎండ సంగతి. ఇది నీకు నేను చెప్పక్కర్లేదు, నీ వ్యాపారంలోనే ఉంది. కల్లంలో మిరపకాయను ఎండబెట్టడం ఎంత అవసరమో, ఎండిన కాయను ఆ వేడికీ వెలుతురుకూ వదలకుండా కోల్డ్ స్టోరేజీకి చేర్చడం అంత అవసరం. రంగు తిరిగిన కాయను తాలుగా ఏరేస్తారు, ధర పడిపోతుంది. చొక్కాకూ అదే లెక్క. ఆరడానికి కావలసింది గాలి, ఎండ కాదు. రంగు చొక్కాను తిరగేసి నీడలో, గాలి ఆడే వసారాలో ఆరేయి. గుంటూరు వేసవిలో నీడనైనా రెండు గంటల్లో ఆరిపోతుంది. పొద్దున ఆరేసి సాయంత్రం యార్డు నుంచి వచ్చాక తీసే అలవాటు ఉంటే ఇవాళే మానుకో. ఆరిన చొక్కా మీద పడే ప్రతి గంట ఎండా రంగునే తింటుంది, పోగునూ పెళుసు చేస్తుంది.

ఆరేసే పద్ధతీ ఉంది. మెలితిప్పి పిండకు, మడిచి అరచేతులతో అదిమి నీళ్లు తీయి. దండెం మీద వేయబోయే ముందు భుజాలు పట్టి ఒక్కసారి విదిలించు, కాలరు, గుండీల పట్టీ చేత్తో సాపు చెయ్యి. సగం ఇస్త్రీ అక్కడే అయిపోతుంది. అంచు వైపు నుంచి తలకిందులుగా వేలాడదీస్తే క్లిప్పుల గుర్తులు భుజాల మీద పడవు. ఇనుప తీగ దండెం వద్దు, నైలాన్ తాడు కట్టుకో. తుప్పు మరక పడితే బ్లీచింగ్ పోయకు, అది మరకను ముదరబెడుతుంది, నూలునూ కొరికేస్తుంది. నిమ్మరసం, ఉప్పు కలిపి రాసి కాసేపు ఉంచి కడిగితే వదులుతుంది.

ఎండ పనికొచ్చే చోటు మరకలు. పప్పో చారో ఒలికితే, సబ్బు తగలగానే ఆ పసుపు మరక ఎర్రగా మారుతుంది. కంగారుపడకు, సబ్బులోని క్షారానికి పసుపు అలాగే తిరుగుతుంది. బాగా జాడించి ఆ మరక ఒక్కటే పైకి వచ్చేలా తడిగా ఎండలో పెట్టు, పసుపు ఎండకు నిలవదు. ఆవకాయ నూనె పడితే నీళ్లు తగలకముందే, పొడి గుడ్డ మీదే గిన్నెలు తోమే ద్రవం చుక్క వేసి పది నిమిషాలు ఉంచు. మిగిలిన ఎరుపును ఎండ తీసేస్తుంది. తెల్లచొక్కా అయితే కాసేపు ఎండ మంచిదే. మరక పూర్తిగా పోకుండా మాత్రం ఇస్త్రీ పెట్టె తగిలించకు.

ఇస్త్రీ కొంచెం తడి ఉండగానే, తిరగేసి చెయ్యి. గంజి రోజువారీ చొక్కాలకు అక్కర్లేదు. పండగ చొక్కాకు పెట్టినా, దాచేముందు ఉతికి గంజి వదలగొట్టు. గంజి ఉన్న బట్టను బొద్దింకలు, వెండిపురుగులు కొరుకుతాయి, వానాకాలం బూజు పడుతుంది, మడత దగ్గర గుడ్డ విరుగుతుంది. పూర్తిగా ఆరకుండా బీరువాలో ఏదీ పెట్టకు. ఒకే చొక్కాను వరసగా తొడక్కుండా నాలుగూ తిప్పుకుంటూ వాడు.

ఇప్పుడు నీ దగ్గరున్న ఆ రెండు పోగులు లేచిన చొక్కాలను పారేయకు. పాత దర్జీ ఎవరి దగ్గరికైనా తీసుకెళ్లి కాలరు తిప్పి కుట్టమను. కుట్టు విప్పి, అరిగిన వైపు లోపలికి వచ్చేలా తిరగేసి మళ్లీ కుడతారు. చిన్న పని, చొక్కా ఇంకొన్నాళ్లు వస్తుంది. గుండీ ఊడితే ఆ రోజే కుట్టుకో. సూదీ దారం గదిలో లేకపోతే కొనుక్కో.

ఒక్క వేసవి నేను చెప్పినట్టు చేసి చూడు చిన్నా. రాత్రి దులిపి ముంచు, ఆదివారం తెల్లవారుజామున తక్కువ సబ్బుతో మెల్లగా ఉతుకు, నీడన ఆరేయి. జూన్‌లో మీ అమ్మను చూడ్డానికి వచ్చేటప్పుడు ఆ నాలుగు చొక్కాలూ నా దగ్గరికి తీసుకురా. అప్పుడు కూడా నీకు పాలిస్టరే కావాలనిపిస్తే నేనే కొనిపెడతాను. అలా అనిపించదని నా నమ్మకం.

ఇట్లు
నీ పెద్దమ్మ