మిగిలిన నొప్పి గోలీ: షాపు రిజిస్టరు నుంచి ఖాళీ షీటు దాకా

పెద్ద కొడప్‌గల్‌ నుంచి ఆపరేషన్ కోసం బాన్సువాడకో, నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో పోయిన మనిషి తిరిగొచ్చేటప్పుడు చేతిలో ఒక మందుల కవరు ఉంటుంది. అందులో యాంటీబయాటిక్, గ్యాస్ గోలీ, పారాసిటమాల్ ఉంటాయి. ఎముకకో, కడుపుకో పెద్ద ఆపరేషన్ జరిగితే వీటికి తోడు ట్రమడాల్ లేదా టపెంటడాల్ షీటు ఒకటి చేరుతుంది. నల్లమందు మెదడు మీద ఎలా పనిచేస్తుందో అలాగే పనిచేసేలా ఫ్యాక్టరీలో తయారైన మందులివి. డాక్టర్లు వీటిని ఓపియాయిడ్లు అంటారు. ఈ కథనం ఆ ఒక్క షీటు వెంట నడుస్తుంది.

మొదటి పని దాన్ని గుర్తుపట్టడం. గోలీలన్నీ మంచం మీద పరిచి ఒక్కో షీటు వెనక చదవాలి. ట్రమడాల్ ఒక్కటే ఉంటే సాధారణంగా 50 మిల్లీగ్రాములని రాసి ఉంటుంది. పారాసిటమాల్‌తో కలిపిన గోలీలో ట్రమడాల్ 37.5, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. ఈ జంట గోలీ వేసుకుంటూ విడిగా పారాసిటమాల్ కూడా మింగితే, తెలియకుండానే మోతాదు పెరిగిపోతుంది. ఎర్ర గీతల చట్రంలో హెచ్చరిక ఉంటే అది షెడ్యూల్ హెచ్1 మందు. పైన ఎడమ మూలన ఎర్రగా ‘ఎన్ఆర్ఎక్స్’ అని ఉంటే అది మాదకద్రవ్యాల చట్టం కిందికి వచ్చే మందు. పేరు అర్థం కాకపోతే ఏఎన్ఎంకు చూపిస్తే చదివి చెబుతుంది.

తర్వాతి మజిలీ మెడికల్ షాపు. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 మార్చి 1న అమల్లోకి వచ్చింది. ఈ జాబితాలోని మందు అమ్మితే చీటీ రాసిన డాక్టరు పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారో ప్రత్యేక రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. 2018 ఏప్రిల్‌లో ట్రమడాల్‌ను మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి కూడా తెచ్చారు. కొనేవాళ్లు చేయాల్సింది, కావలసినన్నే అడగడం. ఐదు రోజులకు రోజుకు రెండు చొప్పున రాస్తే పది. మూడు రోజులకే రాస్తే ఆరు. షీటు కత్తిరించి ఇవ్వమంటే ఎక్స్‌పైరీ తేదీ ఉన్న ముక్క తమకే వచ్చేలా చూసుకోవాలి. మిగలకుండా చూసే పని ఇక్కడే సగం పూర్తవుతుంది.

గోలీ షాపు గడప దాటగానే రిజిస్టరు ఆగిపోతుంది. అక్కడి నుంచి లెక్క ఇంటిది. మందుల చీటీ వెనకే పెన్నుతో నాలుగు గడులు గీస్తే సరిపోతుంది: తేదీ, వేళ, ఎన్ని వేసుకున్నారు, ఎన్ని మిగిలాయి. గోలీ ఇచ్చిన వాళ్లే గడి నింపాలి. నొప్పితో, మత్తుతో ఉన్న మనిషికి ఇందాక వేసుకున్నానా లేదా అన్నది గుర్తుండదు. పెద్దవాళ్లకు ట్రమడాల్ రోజుకు 400 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దు లోపల ఎంతన్నది డాక్టరు రాసిన చీటీయే చెబుతుంది. రాత్రికి మిగిలినవి లెక్కపెడితే గడిలోని అంకెతో సరిపోవాలి. సరిపోకపోతే ఆ రాత్రే ఇంట్లో అందరినీ అడగాలి.

ఇక దాచడం. వంటింటి గూడు, టీవీ పక్కన అల్మరా, దిండు కింద పెట్టడం పనికిరాదు. గోలీలను వాటి షీటులోనే ఉంచి, చీటీతో కలిపి మూత ఉన్న డబ్బాలో పెట్టి, బీరువా లోపలి లాకరులో తాళం వేయాలి. బీరువా లేకపోతే ఇనుప పెట్టె, చిన్న తాళం చాలు; కొత్త తాళానికి వంద రూపాయలు పెడితే ఎక్కువ. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉండాలి. చాలా షీట్ల మీద 30 డిగ్రీలు మించని చోట ఉంచమని రాసి ఉంటుంది. కామారెడ్డి జిల్లా ఎండాకాలంలో 40 దాటుతుంది కాబట్టి రేకుల కప్పు కింద సజ్జ మీద పెట్టకూడదు. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గదిని ఎంచుకోవాలి.

తాళం పిల్లల కోసమే కాదు. ఈ మందుకు కల్లు, సారా, నిద్రగోలీ తోడైతే ఊపిరి మందగిస్తుంది. కల్తీ కల్లులో కలిపేది కూడా అల్ప్రాజోలం వంటి నిద్రమందే. 2025 ఏప్రిల్‌లో నస్రుల్లాబాద్ మండలంలో కల్తీ కల్లు తాగి పదుల మంది దవాఖాన పాలైన సంగతి బాన్సువాడ చుట్టుపక్కల అందరికీ తెలుసు. అలాంటి చోట ట్రమడాల్ షీటు చేతికందేలా ఉంచకూడదు. ఈ మందు వేసుకున్న మనిషి పిలిచినా లేవకపోయినా, ఊపిరి నెమ్మదించినా, కంటిపాపలు సూదిమొనంత చిన్నవైనా వెంటనే 108కు ఫోన్ చేయాలి, షీటు వెంట తీసుకుపోవాలి. విరుగుడు నలాక్సోన్‌ను ఆసుపత్రిలో ఇస్తారు.

నొప్పి తగ్గి, ఉత్త పారాసిటమాల్‌తో నడవడం, నిద్రపోవడం సాధ్యమైనప్పుడు డాక్టరును అడిగి ఆ గోలీ ఆపేస్తారు. వారాల తరబడి వాడినవాళ్లు మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. గోలీలు మిగిలే రోజు ఇదే. అమెరికాలో ఆరు అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రచురించిన సమీక్షలో, ఆపరేషన్ చేయించుకున్న వాళ్లలో 67 నుంచి 92 శాతం మంది ఓపియాయిడ్లు మిగిలాయనే చెప్పారు. మన ఇళ్లలో ఆ మిగిలినవి ఆగేది పక్కింటి మోకాళ్ల నొప్పి దగ్గర. ‘నాకు పనిచేసింది, నువ్వూ వేసుకో’ అనే మాట ఈ గోలీ విషయంలో అనకూడదు. మూర్ఛ ఉన్నవాళ్లకు ట్రమడాల్ ఫిట్స్ తెప్పించగలదు. పన్నెండేళ్ల లోపు పిల్లలకు, పాలిచ్చే తల్లికి ఇది ఇవ్వరు.

పారేయడానికి ముందు తిరిగి తీసుకునే చోటు ఉందేమో అడగాలి. ఆపరేషన్ చేసిన ఆసుపత్రి తీసుకుంటే అంతకన్నా మంచి దారి లేదు. అక్కడ పాత మందులు పసుపు సంచిలోకి పోతాయి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని కాల్చే కొలిమి మొదటి గదిలో కనీసం 800 డిగ్రీలు, రెండో గదిలో 1050 డిగ్రీల వేడి ఉండాలి. పొగ ఆ రెండో గదిలో కనీసం 2 సెకండ్లు నిలవాలి. పెరటి మంటకు ఆ వేడి రాదు. అందుకే ఇంటి దగ్గర గోలీలు కాల్చకూడదు.

తీసుకునేవాళ్లు దొరకకపోతే మరుగుదొడ్డి. కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2025 మేలో విడుదల చేసిన మార్గదర్శకాల్లో 17 మందులను ఫ్లష్ చేయమని చెప్పింది. ట్రమడాల్, టపెంటడాల్, మార్ఫిన్, ఫెంటనిల్, డయాజిపాం ఆ జాబితాలో ఉన్నాయి. ఒక్క మోతాదు పొరపాటున ఇంకొకరి నోట్లో పడినా ప్రాణం మీదికి రావచ్చన్నది అందుకు కారణం. చీటీలోని లెక్కతో సరిచూసుకుని, గోలీలను ఒక్కొక్కటిగా షీటు నుంచి నేరుగా దొడ్డిలోకి నొక్కి, వెంటనే బకెట్ నీళ్లు కుమ్మరించాలి. పొడి చేయకూడదు. క్యాన్సర్ రోగికి అంటించే ఫెంటనిల్ పట్టీలో వాడేశాక కూడా మందు మిగిలే ఉంటుంది. జిగురు వైపు లోపలికి మడిచి ఫ్లష్ చేయాలి. పని ముగిశాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఆ జాబితాలో లేని మందులకు ఈ పద్ధతి వర్తించదు. యాంటీబయాటిక్, గ్యాస్ గోలీ, పారాసిటమాల్ మిగిలితే వాటిని షీటు నుంచి తీసి, వాడేసిన చాయ్‌పత్తిలోనో తడి మట్టిలోనో కలిపి, కవరులో గట్టిగా ముడివేసి, విడిగా పంచాయతీ ట్రాక్టరుకు ఇవ్వాలి. మందు నీళ్లలో ఎంత పేరుకుంటుందో పటాన్‌చెరులో తేలింది: అక్కడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అది ఫ్యాక్టరీల నుంచి వచ్చిన మందు. ఇంటి మందులు చెరువులో, కాలువలో వేసి దానికి తోడు చేయనక్కర్లేదు.

చివరికి ఖాళీ షీటు మిగులుతుంది. దాన్ని రెండు ముక్కలు చేసి పొడి చెత్తలో వేయాలి. కవరు మీద పేరు, ఫోన్ నంబరు ఉంటే పెన్నుతో కొట్టేయాలి. చీటీ వెనక చివరి గడిలో తేదీ వేసి ‘సున్నా’ అని రాసి, ఆపరేషన్ కాగితాలతో దాచుకోవాలి.

ఇంటి వంతు పని పెద్ద ఖర్చు లేకుండా అవుతుంది. ఊరి వంతు ఇంకా మిగిలే ఉంది. కేరళ 2025 ఫిబ్రవరిలో ‘ఎన్‌ప్రౌడ్’ పేరుతో కోజికోడ్‌లో పాత మందుల సేకరణ మొదలుపెట్టింది. కేంద్ర మార్గదర్శకాలు కూడా రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖలు, మందుల వ్యాపారుల సంఘాలు కలిసి ఇలాంటి కేంద్రాలు పెట్టాలని సూచించాయి. బాన్సువాడలో తాళం వేసిన పెట్టె ఒకటి పెట్టి, నెలకోసారి అందులోని మందులను కాల్చే కేంద్రానికి పంపితే కొడప్‌గల్ ఇళ్లలో గోలీలను మరుగుదొడ్డిలో వేసే అవసరం రాదు. మందుల వ్యాపారులు, మండల అధికారులు ఆ పెట్టె గురించి ఆలోచించాలి. అది వచ్చేదాకా మీ బీరువాలో పాత నొప్పి గోలీ ఉందేమో ఈరోజే చూడండి.