కోల్‌కతాలో డ్రైవాల్ పని: చేరబోయే ముందు చూసుకోవాల్సినవి

ఖరగ్‌పూర్‌లో తరాలుగా ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబాల పిల్లలకు కోల్‌కతా లోకల్ రైలు దూరమే. శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకు ఒక రాత్రి ప్రయాణం. ఐటీఐ పూర్తిచేసో, సివిల్ డిప్లొమా అందుకునో అటువైపు చూసే కుర్రాళ్లకు ఇప్పుడు ఎక్కువగా వినిపించే మాట ‘ఇంటీరియర్ సైటు’. సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్‌లో, న్యూటౌన్‌లో ఒక ఆఫీసు ఖాళీ చేసి ఇంకొకటి దిగిందంటే లోపలి గోడలు పీకేసి కొత్తవి నిలబెడతారు. ఆసుపత్రులు, హోటళ్లు, షోరూములదీ అదే వరస. ఇటుక పని లేదు, నీళ్లు పట్టే పని లేదు. నేలకొక జీఐ ఛానల్, పైన శ్లాబుకొకటి, మధ్యలో దాదాపు రెండడుగులకొక నిలువు స్టడ్, రెండు వైపులా జిప్సం బోర్డు. స్క్రూలు బిగించి, అతుకులకు టేపు వేసి, పుట్టీ పెట్టి రుద్దితే గోడ తయారు. డ్రైవాల్ అంటే ఇదే.

పని తేలిగ్గా కనిపిస్తుంది. క్రేను ఉండదు, గొయ్యి ఉండదు, పైన కప్పు ఉంటుంది, కింద నేల ఉంటుంది. అందుకే కొత్తవాళ్లు ఇందులో ప్రమాదం ఏముందిలే అనుకుంటారు. ఇక్కడ మనిషి పడేది పదో అంతస్తు నుంచి కాదు, ఆరడుగుల నిచ్చెన మీద నుంచి. ఆరడుగుల నుంచి వెనక్కి పడినా తల నేలకు తగిలితే చాలు. హెల్మెట్టు, బూట్లు, పొద్దున్నే పది నిమిషాల ఉపన్యాసం మాత్రమే భద్రత అనుకునేవాళ్లు ఈ పనిలో ఎక్కువకాలం ఉండరని నా అభిప్రాయం. బోర్డు ఎత్తే తీరులో, డ్రిల్లు పట్టే తీరులో, నిచ్చెన వేసే తీరులోనే భద్రత ఉంది. మంచి మేస్త్రి కొత్త కుర్రాడి పనితనాన్ని కొలిచేదీ వాటితోనే.

బోర్డుతోనే మొదలుపెడదాం. పన్నెండున్నర మిల్లీమీటర్ల మందం, ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న ఒక్కో బోర్డు దాదాపు 25 కిలోలు. తేమ తట్టుకునే రకం, మంట తట్టుకునే రకం ఇంకా బరువు. ఒక్కడే ఎత్తగలడు నిజమే, కానీ మెట్ల మలుపులో ఆ వెడల్పుతో ముందేముందో కనిపించదు. ఇద్దరు మోస్తేనే నడుము నిలుస్తుంది. బరువు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది బోర్డులను గోడకు నిలబెట్టి ఆనించడం. ఇరవై బోర్డులు ఆనించారంటే అర టన్ను నిలబడి ఉన్నట్టు. వెనకనుంచి ఒకటి లాగబోతే దొంతర మొత్తం ముందుకు ఒరుగుతుంది. చేతులతో ఆపుదామనుకున్నవాడి కాళ్లు దాని కింద ఉంటాయి. బోర్డులు చదునైన నేలమీద, చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టాలి, శ్లాబు మధ్యలో ఒకే చోట కుప్పగా పోయకూడదు. కోల్‌కతాలో ఇంకో చిక్కు ఉంది. పగలు నగరంలోకి సరుకు లారీలకు ఆంక్షలు ఉంటాయి కాబట్టి లోడు రాత్రిపూట దిగుతుంది. పగలంతా పనిచేసిన జట్టునే రాత్రి లోడు దించమంటే, ఆ సైటులో మనుషుల లెక్క సరిగా వేయలేదని అర్థం.

జీఐ సెక్షను అర మిల్లీమీటరు చిల్లర మందంలో ఉండే రేకు. కత్తిరించిన అంచు బ్లేడుతో సమానం. రేకు కత్తెరతో కోసినంతకాలం కోతకు తట్టుకునే గ్లవ్స్ చాలు. తొందరకు గ్రైండర్ తీస్తేనే అసలు గొడవ. డిస్కుకు గార్డు ఉండదు, నిప్పురవ్వలు పదడుగులు ఎగురుతాయి. అదే హాల్లో ఓ మూల కార్పెంటర్లు లామినేట్ అంటించే గమ్ము డబ్బా తెరిచి పెట్టుకుంటారు, పాలిష్‌వాళ్ల థిన్నరు సీసా ఇంకో మూల. ఇంటీరియర్ సైట్లలో మంట పుట్టడానికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. గ్రైండర్ వాడక తప్పకపోతే ఆ మూలలు ఖాళీ చేయించి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పక్కన పెట్టుకుని, పని అయ్యాక అరగంట అక్కడే ఒక మనిషిని కాపలా ఉంచాలి. అన్నట్టు, తిరిగే డ్రిల్లు దగ్గర వదులు గ్లవ్స్ వేసుకోకూడదు. చేతికి రక్షణ అనుకున్నదే చేతిని లోపలికి లాగేస్తుంది.

కరెంటు సంగతి మొదటి రోజే తేలిపోతుంది. డ్రిల్ మిషన్ వైరుకు ప్లగ్గు లేకుండా, రెండు తీగలు సాకెట్లో దోపి అగ్గిపుల్లలు గుచ్చి ఉంటే అక్కడ మీరు అడగాల్సింది జీతం గురించి కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు కురిసే నగరం అది. నేల తడి, చెమట తడి, గాలిలో తేమ. మనిషిని కాపాడేది 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ. లీకేజీ అంతకు చేరగానే కరెంటు తెగ్గొడుతుంది. సైటు బోర్డులో అది ఉందా అని అడగండి, దాని టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి. శ్లాబులోకి, పాత గోడలోకి డ్రిల్లు దింపే ముందు లోపల వైరింగ్ పైపు ఎటు పోయిందో ఎలక్ట్రీషియన్‌తో గుర్తు పెట్టించుకోవాలి. స్టడ్‌ల మధ్య అప్పటికే వైర్లు లాగి ఉంటే పొడవాటి స్క్రూ వాటిని చీల్చుతుంది, లోహపు చట్రమంతా కరెంటు పాకుతుంది.

ఇక దుమ్ము. తల పైకెత్తి కాంక్రీటులో రంధ్రం వేస్తే రాలే పొడిలో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. అతుకుల మీద పుట్టీ రుద్దినప్పుడు లేచే తెల్లటి పొడి కూడా తీసిపారేయదగ్గది కాదు. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధనా సంస్థ నియోష్ వాక్యూమ్ తగిలించిన సాండింగ్ పరికరాలను పరీక్షించి, దుమ్ము 80 నుంచి 97 శాతం దాకా తగ్గుతుందని 1999లో ప్రకటించింది. మన సైట్లలో అవి అరుదు, ఆ ఖర్చు కాంట్రాక్టరు పెట్టడు. అందాకా తడి స్పాంజితో రుద్దడం, ఎన్95 లేదా ఎఫ్ఎఫ్‌పీ2 మాస్కు ముక్కుకు అతుక్కునేలా పెట్టుకోవడం, కళ్లకు పక్కలు మూసిన గాగుల్స్. ముఖానికి చుట్టుకునే కర్చీఫు ఆ సన్నటి పొడిని ఆపదు. ఈ ఒక్క మాట ఎంతమందికి చెప్పినా అలవాటు మానరు.

బెంగాల్‌లో వెదురు మీద నమ్మకం ఎక్కువ. దుర్గాపూజ పందిళ్లు చూసినవాళ్లెవరూ ఆ పనితనాన్ని తక్కువ చేయలేరు. పందిరి కట్టే నేర్పరి తాడు ముడితో నలభై అడుగులు ఎక్కగలడు. ఆ నేర్పు చూసి ఆఫీసు లోపల నున్నటి టైల్స్ మీద వెదురు కర్రల పరంజా కట్టి ఎక్కమంటే ఒప్పుకోకండి. అక్కడ కర్ర కాలు జారుతుంది. చక్రాల పరంజా అయితే నాలుగు చక్రాలకూ లాకు వేయాలి, పైన మనిషి ఉండగా తోయకూడదు. ఈ రెండో నియమాన్ని అందరూ ఒప్పుకుంటారు, మధ్యాహ్నానికి అందరూ మరిచిపోతారు. మడత నిచ్చెన పూర్తిగా విప్పకుండా గోడకు ఆనించి ఎక్కడం, పై మెట్టు మీద నిలబడి రెండు చేతులతో బోర్డు పట్టుకోవడం, ఈ రెండూ చేసే జట్టు నుంచి దూరంగా ఉండటం మంచిది. సీలింగుకు బోర్డు ఎత్తేటప్పుడు చేతులు ఖాళీ ఉండవు కాబట్టి అక్కడ నిచ్చెన పనికిరాదు, రెయిలింగ్ ఉన్న ప్లాట్‌ఫారమే కావాలి. ఇవన్నీ ఎక్కువగా గాడి తప్పేది పూజ ముందు నెలలో. షోరూము మహాలయ లోపు తెరవాలంటారు, రాత్రి షిఫ్టులు మొదలవుతాయి. కొత్తగా చేరేవాళ్లు ఆ నెలలో కాకుండా పూజ తర్వాత చేరితే పని నేర్పే తీరిక మేస్త్రికి ఉంటుంది.

ఉత్తర కోల్‌కతా పాత భవనాల్లో పని వస్తే ఇంకొంచెం ఆగి ఆలోచించాలి. శోభాబజార్, బాగ్‌బజార్ వైపు ఇళ్ల కప్పులు చాలావరకు ఇనుప లేదా టేకు దూలాల మీద ఇటుక పలకలు పరిచి సున్నంతో పోసినవి. కాంక్రీటు శ్లాబులో బిగిసే యాంకర్ బోల్టు ఆ సున్నంలో నిలవదు. ఇవాళ నిలిచినట్టు కనిపించి, బోర్డుల బరువు పడ్డాక ఊడుతుంది. హ్యాంగర్లను దూలాలకే పట్టించాలి, దానికి ముందు ఇంజనీరు చూడాలి. ఎక్కడో ఒక పాత సిమెంటు రేకు పార్టిషన్ తగిలితే దాన్ని పగలగొట్టకండి. అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిపి, విరగకుండా విప్పి తీయాలి.

భాష గురించి ఒక చిన్న సలహా. ప్రమాదం ఒక్క క్షణంలో జరుగుతుంది, హెచ్చరిక బెంగాలీలోనే వస్తుంది. శాబ్‌ధాన్ అంటే జాగ్రత్త, దాఁడాన్ అంటే ఆగండి, శొరే జాన్ అంటే పక్కకు జరగండి. ఈ మూడూ మొదటి రోజు టీ తాగేలోపు నోటికి రావాలి.

కోల్‌కతాలో ఈ పని చేసేవాళ్లు తమ ఒంటి గురించి మాత్రమే ఆలోచిస్తే సరిపోదు. 2010 మార్చి 23న పార్క్ స్ట్రీట్‌లోని స్టీఫెన్ కోర్ట్ మంటల్లో 43 మంది చనిపోయారు. 2011 డిసెంబరు 9 తెల్లవారుజామున ఢాకురియాలోని ఆమ్రి ఆసుపత్రి బేస్‌మెంటులో మంట పుట్టింది. 90 మందికి పైగా పోయారు, వాళ్లలో ఎక్కువమంది కాలి కాదు, పొగకు ఊపిరాడక. 2025 ఏప్రిల్ 29న బడాబజార్ దగ్గర ఒక హోటల్లో ఇంకో 14 మంది. వీటికి జిప్సం గోడలు కారణమని నేను అనడం లేదు. పొగ ఒక గదిలో పుట్టి ఇంకో గదిలో మనిషిని చంపుతుందని ఈ నగరానికి తెలిసినంతగా మరో నగరానికి తెలియదు. ఆ పొగను కాసేపు ఆపాల్సింది మీరు కట్టే గోడే.

జిప్సం బరువులో ఐదో వంతుకు పైగా రసాయనికంగా బంధించి ఉన్న నీరు. మంట తగిలినప్పుడు ఆ నీరు ఆవిరై పోయేదాకా గోడ అవతలి వైపు వేడి పెద్దగా పెరగదు. అందుకే పరీక్షించిన పద్ధతిలో కడితే రెండు వైపులా ఒక్కో పొర బోర్డు సాధారణంగా అరగంట, రెండేసి పొరలు గంట నిలుస్తాయని లెక్క. ‘పరీక్షించిన పద్ధతిలో’ అన్న మాటలోనే మీ ఉద్యోగమంతా ఉంది. స్క్రూల మధ్య దూరం పెంచి వంద స్క్రూలు మిగిల్చారా, ఆ లెక్క పోయింది. గోడను శ్లాబు దాకా తీసుకెళ్లకుండా ఫాల్స్ సీలింగ్ దగ్గర ఆపేశారా, పైన ఖాళీలోంచి పొగ ఆఫీసంతా తిరుగుతుంది. చూసేవాళ్లకు రెండు గోడలూ ఒకేలా ఉంటాయి. మీరు వెళ్లాక ఏసీవాడు, నెట్‌వర్క్ కేబుల్‌వాడు వచ్చి రంధ్రాలు కొడతారు. వాటిని ఫైర్ సీలెంట్‌తో మూయించే బాధ్యత ఎవరిదని ముందే అడిగే కుర్రాణ్ని సూపర్‌వైజర్ గుర్తుపెట్టుకుంటాడు. జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016లో నాలుగో భాగం అగ్ని భద్రత గురించి, ఏడో భాగం నిర్మాణ సమయంలో భద్రత గురించి. డిప్లొమా వాళ్లు ఈ రెండూ తిరగేసి ఇంటర్వ్యూకు వెళితే తేడా తెలుస్తుంది.

నేర్చుకునే చోట్లు తక్కువేం కాదు. హైదరాబాద్‌లో 1998లో మొదలైన నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్, న్యాక్, నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది. ప్రపంచ నైపుణ్య పోటీలు వరల్డ్‌స్కిల్స్‌లో ‘ప్లాస్టరింగ్ అండ్ డ్రైవాల్ సిస్టమ్స్’ ఒక విభాగం. 2024లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగాయి, 2026 వేదిక షాంఘై. భద్రత వైపే పోదామనుకునే ఇంజనీరింగ్, డిప్లొమా వాళ్లకు కోల్‌కతా లేక్‌టౌన్‌లోని ప్రాంతీయ కార్మిక సంస్థ నడిపే పారిశ్రామిక భద్రత డిప్లొమా మంచి దారి. కేంద్ర కార్మిక శాఖ కింద ఉన్న సంస్థ కాబట్టి ఆ సర్టిఫికెట్టుకు విలువుంది. రెండేళ్లు స్క్రూ గన్ పట్టి తర్వాత ఆ కోర్సు చేసినవాడు, నేరుగా కోర్సు చేసి వచ్చినవాడికంటే సైటులో ఎక్కువ పనికొస్తాడని నేను గట్టిగా నమ్ముతాను. గల్ఫ్ వెళ్లి ‘జిప్సం కార్పెంటర్’ ఉద్యోగం చేయాలనుకుంటే తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓఎంక్యాప్ అనే ప్రభుత్వ సంస్థలు ఉన్నాయి. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడకుండా పాస్‌పోర్టు చేతికివ్వకండి.

చేరేటప్పుడు కాగితాలు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం నియామక పత్రం ఇవ్వాలి. ‘నోటిమాట చాలు’ అనే కాంట్రాక్టరు ప్రమాదం జరిగాక మీరెవరో తెలియదనగలడు. 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గడిచిన పన్నెండు నెలల్లో 90 రోజులు భవన నిర్మాణ పని చేసినవాళ్లు సంక్షేమ మండలిలో పేరు నమోదు చేసుకోవచ్చు. ఏ రాష్ట్రంలో పనిచేస్తున్నారో అక్కడి మండలిలో నమోదు కావాలి. పని రోజులకు రుజువు కావాలి కాబట్టి హాజరు చీటీలు, కూలి రసీదులు, బ్యాంకు జమలు మొదటి వారం నుంచే ఫోన్‌లో ఫొటోలు తీసి ఇంటికి పంపుతూ ఉండండి.